బంతి మీద మిగిలిన ఒక్క చోటు

ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని, అయస్కాంతం దగ్గరికి వస్తే అది తిన్నగా పోలేక గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుందని నాకు మొదట వార్త తెచ్చినవాడు మా మామయ్య, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో, మా ఇంటి వెనక వసారాలో కూర్చుని నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. పట్నం నుంచి సైకిల్ మీద వచ్చి, చెమటైనా తుడుచుకోకుండా చెప్పాడు. ఆ రోజుల్లో మిగతా ఊరంతా వేరే వార్తలు మోసుకొచ్చేది. యూనియన్ సైన్యం వస్తుందని కొందరు, నిజాంగారు రానివ్వరని కొందరు, రైళ్లు ఆపేస్తారని నాన్నగారి ఆఫీసువాళ్లు. మా ఇంటికి మాత్రం వాటన్నిటితో పాటు ఎలక్ట్రాన్ కూడా వచ్చింది.

నేను బడికి పోలేదు. అమ్మకు ఉబ్బసం. ఇంటికి పెద్దపిల్లను కాబట్టి పొయ్యి దగ్గర నేనే ఉండాల్సి వచ్చింది. పొద్దుటి ప్రార్థన అయ్యాక నాన్నగారు బైబిలు వాక్యం చదివించి అక్షరాలు దిద్దించారు. లెక్కలూ, లోకం సంగతులూ మామయ్య నేర్పాడు. బడి లేకపోయినా నాకు ఇద్దరు గురువుల్ని ఇంట్లోనే పెట్టిన దేవునికి ఇప్పటికీ కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

మామయ్య పట్నంలో ఉర్దూలో పాఠాలు చెప్పే కాలేజీలో చదివాడు. అక్కడే ప్రయోగశాలలో పిల్లలకు పని చూపించే చిన్న ఉద్యోగం చేసేవాడు. ఆయనకు చదువు చెప్పిన పెద్ద మాస్టారు ఒక ముసల్మాను. ఇంట్లో మేమంతా ఆయన్ని సార్ అనే అనేవాళ్లం. సార్ ఎలక్ట్రాన్‌ను బర్కియా అనేవారట, వాళ్ల పుస్తకాల్లో అదే మాట. మామయ్య నోట్లో కూడా అదే ఆడేది.

"తిన్నగా ఎందుకు పోదు మామయ్యా?" అని అడిగాను.

"అయస్కాంతం దాన్ని పక్కకి నెడుతుంది. ముందుకి కాదు, వెనక్కి కాదు, ఎప్పుడూ పక్కకే. నిన్ను అడుగడుక్కీ పక్కకే నెడుతుంటే ఏం చేస్తావు?"

"గుండ్రంగా తిరుగుతాను."

"అదీ అంతే. కాకపోతే నీలాగా ఇష్టం వచ్చినంత చుట్టు తిరగనివ్వరు దాన్ని. మెట్లు ఉంటాయి. ఈ మెట్టు మీదైనా ఉండాలి, పై మెట్టు మీదైనా ఉండాలి. మధ్యలో నిలబడ్డానికి వీల్లేదు."

అన్నిటికంటే కింది మెట్టు మీద ఎలక్ట్రాన్లకు ఎన్ని చోట్లు ఉంటాయన్నది మామయ్య పట్టుకున్న లెక్క. చదునైన నేల మీద అయితే అది పెద్దవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. అయస్కాంతం బలాన్ని ముక్కలుగా లెక్కపెడితే, ఎన్ని ముక్కలో అన్ని చోట్లు. ఎలక్ట్రాన్ నేల మీద కాకుండా బంతి మీద తిరిగితే ఎన్ని? ఇది సార్ ఇచ్చిన ప్రశ్న. బంతి నడిబొడ్డున అయస్కాంతపు ఒకే ఒక కొన ఉందనుకోవాలి, రెండో కొన లేదు. అప్పుడు దాని బలం బంతి మీద అన్ని వైపులకీ సమానంగా, కదంబ పువ్వు కేసరాల్లాగా పొడుచుకుని వస్తుంది.

"అలాంటి అయస్కాంతం ఎక్కడ దొరుకుతుందయ్యా?" అని నాన్నగారు అడిగారు, ఆఫీసు కోటు వంకెకు తగిలిస్తూ.

"ఎక్కడా లేదు బావగారూ. ఎవరూ చూడలేదు."

"ఎలక్ట్రాన్నో?"

"దాన్నీ చూడలేదు."

"కనపడని మనిషి, లేని ఊళ్లో ఎన్ని ఇళ్లు కట్టుకోవచ్చో లెక్కపెడుతున్నావన్నమాట. భోజనం మాత్రం మా ఇంట్లో."

అమ్మ నవ్వింది. మామయ్యా నవ్వాడు. అప్పటికింకా నవ్వే రోజులే.

ఆ ఏడు ఎండాకాలం దాటేసరికి ఊరు మారిపోయింది. సరిహద్దు మూసేశారు. ఉప్పు, మందులు, కిరసనాయిలు దేనికీ నమ్మకం లేదు. రజాకార్లు బజార్లో కవాతు చేస్తుంటే మేము కిటికీ రెక్కలు దగ్గరికి వేసుకునేవాళ్లం. పట్నంలో కాలేజీ కొన్నాళ్లు నడిచేది, కొన్నాళ్లు మూసేవారు. మామయ్యకు జీతం రావడం ఆగిపోయింది. నాన్నగారు తన రైలు ఆఫీసులో పెద్దగుమాస్తాతో మాట్లాడి ఒక ఖాళీ మామయ్య కోసం ఆపించారు. "గొడవలు సద్దుమణగగానే చేరిపోవాలి" అని ఖరారు చేశారు. సార్ అన్నది వేరు. ఈ బంతి లెక్క గట్టిగా నిలబడితే బెంగుళూరులో పరిశోధన చేసేచోట తన పాత స్నేహితుడికి చెప్పి మామయ్యను పంపిస్తానన్నారు. నిలబడకపోతే పంపనని కూడా చెప్పారు. "కచ్చా పని చేతికిచ్చి నిన్ను పంపితే నీకూ ఇజ్జత్ లేదు, నాకూ లేదు" అన్నారట.

ఆ లెక్క నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో చెప్పాలంటే మా ఇంటి చేతిపని గురించి చెప్పాలి.

మా వాళ్లది గోదావరి వైపు. మా అమ్మమ్మ మిషను దొరసాని దగ్గర లేసు అల్లడం నేర్చుకుంది, అమ్మ అమ్మమ్మ దగ్గర, నేను అమ్మ దగ్గర. దాన్ని మేము చేతిపని అనేవాళ్లం. బల్ల మీద పరిచే గుండ్రటి లేసు అల్లేటప్పుడు ప్రతి వరసలోనూ కొన్ని కుట్లు పెంచుకుంటూ పోవాలి. సరిగ్గా పెంచితే అది బల్ల మీద చదునుగా పడుకుంటుంది. తక్కువ పెంచితే అంచులు వంగి టోపీ అవుతుంది. మామయ్య చదునుకూ వంపుకూ తేడా చెప్పబోతే, "ఇది నాకు తెలుసు మామయ్యా, అమ్మ చేత తిట్లు తిన్నాను" అన్నాను. ఇంకో నియమం ఉంది. కొత్త వరస మొదలుపెట్టేటప్పుడు కొక్కెం సూదితో మూడు గొలుసు కుట్లు పైకి లేపుతాం. ఆ మూడూ కలిపి వరసలో మొదటి కుట్టు కింద లెక్క. చుట్టూ తిరిగి వచ్చాక కొత్తవాళ్లు దాన్ని మరిచిపోయి, దాని నెత్తిన ఇంకో కుట్టు వేస్తారు. ప్రతి వరసకీ ఒకటి ఎక్కువవుతూ పోతుంది. వరస మూసేటప్పుడు ఒకటి మిగిలితే అది తప్పు, దాన్ని విప్పెయ్యాలి. లేసు అల్లే ఏ ఇంట్లోనైనా ఆడపిల్లలకు ఇదే మొదటి పాఠం. మామయ్యకు తండ్రి లేడు, అమ్మమ్మ పక్కన కూర్చుని కుట్లు లెక్కపెట్టడమే ఆయన బాల్యం. ఆ పాఠం ఆయనకూ ఎముకల్లోకి పోయింది.

బంతి మీద చోట్లు లెక్కపెడితే మామయ్యకు ప్రతిసారీ ఒకటి ఎక్కువ వచ్చేది. నాలుగు ముక్కల అయస్కాంతానికి ఐదు చోట్లు. ఐదు ముక్కలకు ఆరు. నేల మీద ముక్కలెన్నో చోట్లన్ని కదా, ఇక్కడ ఒకటెందుకు పెరగాలి? చుట్టూ తిరిగి వచ్చి మొదటిదాన్నే రెండోసారి లెక్కపెడుతున్నానని ఆయనకు అనుమానం కూడా కాదు, రూఢే అయిపోయింది. ఆ ఒక్కటీ కొట్టేశాడు.

కొట్టేశాక ఇంకేదీ కుదరలేదు.

నన్ను అడిగి తెల్లదారంతో ఒక బంతి అల్లించుకున్నాడు, లోపల పాతగుడ్డలు కుక్కి. దాని మీద రంగుదారాలు కుట్టి చోట్లు గుర్తుపెట్టేవాడు. "చూడమ్మాయ్, ఒకటి తీసేస్తే ఇక్కడ నెత్తిన చిల్లు పడుతోంది. బంతిని తిప్పితే చిల్లు పక్కకి రావాలి. వచ్చిందంటే నా సమాధానం మారిపోయినట్టే. గుండ్రటిదానికి పైనేమిటి, కిందేమిటి? ఎటు తిప్పినా ఒకలాగే ఉండాలి కదా."

"మరి ఎందుకు మారుతోంది?"

"అదే తెలిస్తే నీ చేత బంతి ఎందుకు అల్లిస్తాను?"

ఆ బంతిని చేతిలో తిప్పుతూ ఇల్లంతా తిరిగేవాడు. వసారా, వంటిల్లు, ముందుగది, మళ్లీ వసారా. తింటున్నవాడు తినడం ఆపి లేచేవాడు. కూర్చున్నవాడు కూర్చోలేకపోయేవాడు. ఆయన్ని చూస్తుంటే నాకూ ఒకచోట నిలవబుద్ధయ్యేది కాదు. పొయ్యి మీద గిన్నె పెట్టి వాకిట్లోకి పోయి, ఎందుకొచ్చానో తెలియక తిరిగొచ్చేదాన్ని. పై నుంచి విమానం మోత వినిపిస్తే అమ్మకు ఆయాసం ఎక్కువయ్యేది. ప్రార్థనకు మోకరించినా నా చెవులు వీధిలోనే ఉండేవి.

పక్క వాటాలో మిలటరీవాళ్ల బట్టలు కుట్టే దర్జీ భార్య ఉండేది, అమ్మకు మంచి స్నేహితురాలు. గోడ మీదుగా చూసి అడిగింది: "ఏందక్కా, మీ తమ్ముడు గిట్ల గిరగిర తిరుగుతుండు? ఎవలన్న ఏమన్న చేసిన్రా?"

"లెక్క కుదరట్లేదటమ్మా" అంది అమ్మ.

"రోజంత బర్కియా బర్కియా అంటుండు. ఎవలి బిడ్డ ఆమె? మాకు సుత జెర చెప్పరాదు, పెండ్లి మాట్లాడొస్తం."

"అది పిల్ల కాదమ్మా, ఎలక్ట్రాను."

"ఏదో ఒకటి. దానికోసం తిండి బంద్ వెడితే పెండ్లామొచ్చినంక ఏం జేస్తడు?" అని, గొంతు తగ్గించి, "అక్కా, పరేషాన్ గాకు గని, లొల్లి ముదిరితె కాప్రా ఊర్ల మా అమ్మగారింటికి పోదాం. చెరువవతల, ఎవలు రారు. నీ బిడ్డను సుత తీస్కరా" అంది. ఆమె మంచితనానికి నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

పోవలసిన పని పడలేదు. వానలు ఇంకా వెనకపట్టకముందే సైన్యం బయల్దేరిందని బజార్లో హోటలు రేడియో చెప్పింది. ఆ కొద్దిరోజులు మేము తలుపులకు అడ్డగడియ వేసి, కిటికీలకు నల్లకాగితాలు అంటించి, ఒకే గదిలో ఉన్నాం. మామయ్య ఆ చీకటిగదిలో కూడా గోడ నుంచి గోడకు నడిచాడు. నాన్నగారు, "కూర్చోవయ్యా, నువ్వు తిరిగితే యుద్ధం ఆగుతుందా?" అని విసుక్కున్నారు. తర్వాత ఒక సాయంత్రం అంతా అయిపోయిందన్నారు. తెల్లారేసరికి బొల్లారం వైపు నుంచి లారీలు వస్తున్నాయి, రోడ్డుకు రెండువైపులా జనం పూలదండలతో నిలబడ్డారు. పక్కింటి దర్జీ మూడు రంగుల గుడ్డ చించి జెండాలు కుడుతుంటే నేనూ అమ్మా అంచులు మడిచి ఇచ్చాం. బతికించినందుకు ఆ రాత్రి ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన చేసుకున్నాం. అదే రాత్రి మరి కొన్ని ఇళ్లల్లో ఎలా గడిచిందో మాకు తర్వాత గానీ తెలియలేదు. ఆ తర్వాత చాలారోజులు ముసల్మానుల ఇళ్ల తలుపులు పగలు కూడా మూసే ఉండేవి. పట్నం నుంచి వచ్చేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పేవాళ్లు, వినడానికే కష్టమైన మాటలు.

నాన్నగారు మామయ్యను పిలిచి చెప్పారు: "ఆఫీసు తెరిచారు. సోమవారం చేరాలి. ఆ చోటు ఇంక నీకోసం ఆపరు."

"ఒక్కసారి సార్‌ని కలిసి వస్తాను బావగారూ."

"ఇప్పుడా? ఆ వీధుల్లోకా? వెళ్లినా ఆయన ఉన్నాడో, కరాచీ పోయాడో. నీ అక్క ఊపిరి ఇప్పటికే అందట్లేదు. వద్దు."

అమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని మామయ్య వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. పట్నం పోతున్న నాన్నగారి తోటి ఉద్యోగి ఒకరితో సార్‌కి కబురు చెప్పి పంపాడు: లెక్క వదిలేస్తున్నానని, రైలు ఆఫీసులో చేరుతున్నానని, క్షమించమని. ఆ పూట బంతిని తెచ్చి నా లేసుబుట్టలో పడేశాడు. నడవడం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇల్లంతా తిరిగినప్పటి కంటే అది చూసే నాకు ఎక్కువ భయమేసింది. "ప్రభువా, ఆయనకు ఏది మంచిదో నాకు తెలియదు, నీకు తెలుసు" అని మాత్రం అనుకున్నాను. ఆ లెక్క గెలవాలని అడగడానికి నోరు రాలేదు. ఎలక్ట్రాన్ల గురించి ప్రార్థన చేయొచ్చో లేదో ఎవరూ నాకు చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే గుమ్మంలో ఒక పెద్దాయన, మాసిన చొక్కా, మోకాళ్ల దాకా బురద. బట్టతల మీద చెమట. ఎవరో పోల్చుకోలేకపోయాను. అంతకుముందు రెండుసార్లు సార్‌ని చూశాను గానీ అప్పుడు షేర్వానీ, నెత్తిన ఎర్ర టోపీ. అవి లేకుండా ఆయన ఎవరో పాత బంట్రోతులా ఉన్నారు.

"ఉన్నడా బేటీ, మీ మామ?"

పట్నానికీ సికింద్రాబాద్‌కీ మధ్యనున్న పెద్ద చెరువుకట్ట మీదుగా నడిచే వచ్చారు. జట్కావాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదట. గొంతు వినగానే మామయ్య లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం మియా, నౌకరీల చేరుతున్నవంట. ముబారక్. కానీ లెక్క చూపియ్యకుండనే పోతవా? నీకు నేను గిదేనా నేర్పింది?"

"ఈ పరిస్థితిలో మీరెందుకు వచ్చారు సార్? దారిలో ఏదైనా అయితే?"

"అయితే అయింది. గిప్పుడు కాలేదు గదా. కాయితాలు తే. బేటీ, చాయ్ ఉంటే జెర ఇయ్యమ్మా, చక్కెర లేకపోయినా నడుస్తది."

చక్కెర లేదు. బెల్లం వేసి పెట్టాను. నేను తెచ్చేసరికి ఆయన ముందుగదిలో బల్ల మీద కాగితాలు పరుచుకుని, వేలు పెట్టి ఒక్కో పంక్తీ చదువుతున్నారు. మామయ్య పక్కన నిలబడే ఉన్నాడు. వేలు ఒకచోట ఆగింది.

"అంత మంచిగుంది. ఈడ ఒకటి కొట్టేసినవ్. ఎందుకు?"

"ఎక్కువొచ్చింది సార్. మొదటిదీ చివరిదీ ఒకటే. రెండుసార్లు లెక్కపెట్టాను."

"ఎవలు చెప్పిన్రు నీకు, రెండుసార్లు లెక్కవెట్టినవని?"

మామయ్య "మా అమ్మ సార్" అన్నాడు.

"మీ అమ్మకు సైన్స్ వస్తుండెనా?"

"లేసు అల్లేది." అంటూ ఆ మూడు గొలుసుల సంగతి, వరస మూసేటప్పుడు మిగిలే కుట్టు సంగతి సిగ్గుపడుతూ చెప్పాడు. సార్ నవ్వలేదు, శ్రద్ధగా విన్నారు. నా బుట్టలోంచి సగం అల్లిన లేసు అడిగి తీసుకుని ఆ మొదటి కుట్టేదో చూపించమన్నారు కూడా. చూశాక అన్నారు:

"అమ్మ చెప్పింది సహీ బాత్. లేస్‌ల గది తప్పే. అల్లా ఆమెకు జన్నత్ ఇయ్యాలె. కానీ మియా, ఇది లేస్ కాదు. ఒక పని చెయ్. మిక్నాతీస్ తీసెయ్."

"అయస్కాంతమా? తీసేస్తే ఇంకేముంది సార్?"

"బంతి ఉన్నది. బర్కియా ఉన్నది. మిక్నాతీస్ బలం సున్న. ఇగ చెప్పు, నీ లెక్క తోటి కింది మెట్టు మీద దానికి ఎన్ని జాగలు?"

"సున్న" అన్నాడు మామయ్య నెమ్మదిగా.

"అంటే అది బంతి మీద ఉండనే ఉండదు?"

"ఉంటుంది సార్. ఎందుకుండదు? బంతి అంతటా సమానంగా పరుచుకుని ఉంటుంది."

"గది ఎన్ని?"

"ఒకటి."

"గా ఒకటే నువ్వు కొట్టేసింది."

మామయ్య కుర్చీలో కూలబడ్డాడు. నెలల తరబడి అయస్కాంతాన్ని పెంచుతూ తగ్గిస్తూ చూశాడు గానీ, పూర్తిగా తీసేసి ఆ బంతిని ఒక్కసారీ చూడలేదు. సార్ కాగితం మీద కొట్టేసిన చోట పైన మళ్లీ అదే అంకె వేశారు.

"నేల మీద ఒకటి తక్కువ ఎక్కువ అయితే తెల్వది. అంచుల కెల్లి పోతది, వస్తది. బంతికి అంచు యాడున్నది? అందుకే ఒకటి మిగుల్తది. గది నీ తప్పు కాదు, బంతి గుండ్రంగ ఉన్నందుకు మిగిలింది. ఇగ తిప్పి చూసుకో, చిల్లు పడదు."

మామయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సార్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, చల్లారిపోయిన చాయ్ తాగారు. "నా దోస్తుకు నేను రాస్త. రైళ్లు షురూ కాంగనే పో. ఈడ నాకు రేపు ఏమైతదో నాకే తెల్వదు, నా మాటకు విలువ ఉన్నప్పుడే పో" అన్నారు. అందుకే ఆగకుండా వచ్చారని అప్పుడు తెలిసింది నాకు.

నాన్నగారు ఎప్పటి నుంచి గుమ్మం దగ్గర నిలబడ్డారో తెలియదు. లోపలికి వచ్చి సార్‌కి నమస్కారం పెట్టారు.

"ఏమండీ సార్, ఈ లెక్క నిలబడినట్టేనా?"

"నిలవడ్డది సాబ్."

నాన్నగారు మామయ్య వైపు చూశారు. "సోమవారం సంగతి పెద్దగుమాస్తాతో నేను మాట్లాడుకుంటాలే" అన్నారు. తర్వాత వంకెకున్న తన ఆఫీసు టోపీ తీసి, దొరల టోపీలాంటి ఆ గట్టి టోపీని, సార్ చేతికిచ్చారు. "బయట ఎండగా ఉంది, పెట్టుకోండి. నేనూ చెరువుకట్ట దాకా ఆ వైపే వస్తున్నాను."

ఆకాశం మబ్బుగా ఉంది. నాన్నగారికి ఆ వైపు పనేమీ లేదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. సార్ టోపీని అటూ ఇటూ తిప్పి చూసి నెత్తిన పెట్టుకున్నారు.

"ఇగ నన్ను స్టేషన్ మాస్టరనుకుంటరు" అన్నారు.

"అనుకోనివ్వండి. ఆయనకు జీతమెక్కువ" అన్నారు నాన్నగారు.

ఇద్దరూ మాట్లాడుకుంటూ వెళ్లారు. కట్ట దగ్గర ఆగకుండా సార్ ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి నాన్నగారు దీపాలు పెట్టే వేళకు ఉత్త తలతో తిరిగొచ్చారు.

మామయ్య బెంగుళూరు వెళ్లాడు. అక్కడ గ్రంథాలయంలో కొన్నాళ్లకే తెలిసిందట, ఎవరో దూరదేశపు మనిషి ఆ లెక్కను చాలా ఏళ్ల కిందటే చేసి అచ్చువేశాడని. మిగిలే ఆ ఒక్క చోటుతో సహా. "మనది ఆలస్యంగా వచ్చిన రైలు అమ్మాయ్" అని నవ్వాడు సెలవుల్లో వచ్చినప్పుడు. అయినా ఆ అచ్చుకాగితం చూడకుండానే అంతదూరం వచ్చినవాడని వాళ్లు ఆయన్ని ఉంచుకున్నారు. జీవితమంతా ఆ పనిలోనే గడిపి, సంతోషంగానే పోయాడు. దానికి దేవునికి స్తోత్రం.

సార్ చుట్టాలు చాలామంది కరాచీ వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేదు. కాలేజీలో రోజులు మారాక ఉద్యోగం మానుకుని, వీధి పిల్లలకు ఇంట్లో లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయారని విన్నాను. పిల్లలు లేరు. ఆయన పోయిన కబురు మామయ్యకు ఆలస్యంగా అందింది. మేము వెళ్లేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు, ఎక్కడ మట్టి ఇచ్చారో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. అందుకే సమాధి రాయి ముందు నిలబడి చెప్పుకోవలసిన మాట ఇక్కడ రాస్తున్నాను.

నేను ప్రతి పొద్దునా ప్రార్థనలో ఆయన్ని తలుచుకుంటాను. నా తర్వాత తలుచుకునేవాళ్లు లేరు. ఇది చదివిన మీరు ఏ దేవునికి మొక్కేవారైనా, ఏ దేవుడికీ మొక్కనివారైనా సరే, ఒక్క క్షణం ఆగి ఆయన్ని గుర్తుచేసుకోండి. తన ప్రాణానికే భరోసా లేని రోజున, శిష్యుడు కొట్టేసిన ఒక్క అంకెను మళ్లీ వేయడానికి పట్నం నుంచి సికింద్రాబాద్ దాకా నడిచి వచ్చిన పెద్దమనిషి ఆయన.